ఆయుధపూజలో పెట్టిన గొంతు

అమ్మ చేతికి గంధం గిన్నె వచ్చిందంటే ఇంట్లో ఏ వస్తువూ తప్పించుకోలేదు. కోయంబత్తూరు దగ్గర అన్నూరులో మాది దిండు గలీబులు కుట్టే చిన్న యూనిట్. ఆయుధపూజ నాడు కుట్టు మిషన్లకు, కత్తెరలకు, తూకానికి, ఇస్త్రీపెట్టెకు బొట్లు పెట్టేశాక గిన్నెలో ఇంకా గంధం మిగిలితే ఆమె ఊరుకోదు. ఆ ఏడు మా ఆయన కళ్ళజోడుకు కూడా పెట్టింది. నువ్వు లెక్కలు చూసేది దీనితోనే గదా అని చేత్తో సైగ చేసి చూపించింది. అందరం నవ్వాం. ఆ నవ్వుల్లో పడి, పూజ బల్ల మీద ఇంకా ఏమేం ఉన్నాయో నేను చూడలేదు.

హారతి కళ్ళకద్దుకునేటప్పుడు కనబడింది. బొరుగుల పళ్ళేనికీ కొలత టేపుకూ మధ్య, అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె. నా హార్డ్‌డిస్క్. బీరువాలో చీరల కింద దాచి ఉంచిన దాన్ని వెతికి మరీ తెచ్చింది. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. పైన రెండు బొట్లు పెట్టింది. మూడో బొట్టుకు నుదురు ఎక్కడుందా అని వెతికినట్టుంది, వైరు గుచ్చే కంత కనబడింది. సరిగ్గా దాని మీద గంధం అద్ది, మధ్యలో కుంకుమ పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. కానీ పూజలో పెట్టిన వస్తువును మరునాటిదాకా ముట్టకూడదు. అందులోనూ అది అమ్మ చేత్తో పెట్టింది.

ఆ పెట్టెలో ఉన్నది అమ్మ గొంతు.

అమ్మది మదురై. అక్కడి డాక్టర్లు ఆమె స్వరపేటికలో గడ్డ ఉంది, మొత్తం తీసెయ్యాలి అన్నప్పుడు నేను బస్సెక్కి వెళ్ళి, ఆపరేషన్ దాకా ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. చేతిలో ఫోను. ఆమె పాడిన పెళ్ళి పాటలు, వడియాల పిండి కలుపుతూ చెప్పిన కబుర్లు, పాలవాణ్ణి తమిళంలో తిట్టి, తలుపేసుకుని నాతో తెలుగులో మళ్ళీ తిట్టిన తిట్లు, అన్నీ పట్టాను. మా ఇళ్ళలో తరతరాలుగా మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది తమిళం. అమ్మకు తెలుగు అక్షరం ముక్క రాదు. నేను పెళ్ళయ్యాక, పట్టుబట్టి నేర్చుకున్నాను. అమ్మ మాట కాగితం మీద ఎక్కడా లేదు. గాలిలో ఉండేది, ఆ గాలి కాస్తా పోయింది.

ఆపరేషన్ తర్వాత ఆస్పత్రివాళ్ళు మెడకు ఆనించి మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. అమ్మ ఒక్కసారి వాడింది. పిండిమిషను లోపల ఎవరో కూర్చుని మాట్లాడినట్టు వినబడింది. ఆమె దాన్ని డబ్బాలో పెట్టి మూత వేసింది. మళ్ళీ తియ్యలేదు. పెదవులు కదిపితే చాలు, మేం చూసి అర్థం చేసుకుంటామని బతిమాలాం. అదీ చెయ్యలేదు. శబ్దం రాని మాట మాటే కాదని ఆమె పట్టుదల. నా దగ్గరికి వచ్చి ఉంటున్నప్పటి నుంచి పిలవాలంటే చప్పట్లు, కాదంటే అరచెయ్యి, ఎలా ఉందని అడగాలంటే గడ్డం పైకి.

ఒకే చోట పెట్టుకున్నావేం, ఇంకో కాపీ ఉండొద్దా అని తర్వాత అందరూ అడిగారు. ఇల్లు కాలాక బావి తవ్వమనేవాళ్ళకు మన దగ్గర కొదవేం లేదు. పాత ఫోను చచ్చిపోయింది. యూనిట్ కంప్యూటర్లో గలీబుల డిజైన్లకే చోటు చాలదు. హార్డ్‌డిస్క్ అంటే ఇనప్పెట్టె అనుకున్నాను. అంతే.

మరునాడు విజయదశమి. మా ఇంట్లో ఆ పొద్దున ఒక పద్ధతి ఉంది. పూజలో పెట్టిన ప్రతి ఆయుధాన్నీ దాని మనిషి మంచి గడియలో ఒకసారి వాడి తీరాలి. వాడకపోతే ఏడాదంతా అది పని చెయ్యదంటారు. అమ్మ బల్ల పక్కన నిలబడి ఒక్కొక్కటే వేలితో చూపిస్తోంది. మా ఆయన కత్తెరతో గుడ్డపీలిక కత్తిరించాడు. నేను మిషను మీద ఒక కుట్టు వేశాను. తర్వాత ఆమె వేలు హార్డ్‌డిస్క్ వైపు తిరిగింది.

రేపు పెడతానంటే ఒప్పుకోలేదు. ఎండిన గంధాన్ని గోటితో గీకాను. ఉఫ్ఫని ఊదాను. కొంగుతో తుడిచాను. లోపల ఇంకా తడి ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. వైరు గుచ్చాను. చిన్న దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. మామూలుగా వచ్చే సన్నటి తిరుగుడు చప్పుడు రాలేదు. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడినప్పటి వాసన వచ్చింది.

వైరు లాగేశాను. అమ్మ గడ్డం పైకెత్తింది. ఎలా ఉంది?

బాగుందని తల ఊపాను. ఆమె తృప్తిగా తరువాతి వస్తువు చూపించింది.

షెడ్డు వెనకాలకు పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"కాలిన కంపు కొడతా ఉండాది. ఇంకో తడవ పెట్టి చూస్తామా?"

"ముట్టితే చెయ్యి ఇరుగుతుంది," అన్నాను.

"అట్లంటే బియ్యం డబ్బాలో పెట్టు. నా ఫోను నీళ్ళల్ల పడినప్పుడు అట్లనే సరయిపోయె."

"అది ఫోను. ఇది మా అమ్మ."

ఆయన పెట్టెను నా చేతిలో పెట్టేశాడు. నేనంత మాట అంటానని నాకే తెలియదు. అన్నాక భయం రెట్టింపయింది.

వంటింట్లోకి వెళ్ళి, గ్యాస్ పొయ్యి ముందు నిలబడి, అమ్మ గొంతు గుర్తు తెచ్చుకుందామని చూశాను. రికార్డు చేశాక నేను ఒక్కసారి కూడా వినలేదు. వినడానికి ధైర్యం చాలలేదు. ఉంది కదా, ఎప్పుడైనా వినొచ్చు అనుకున్నాను. ఇప్పుడు వెతికితే మాటలు వస్తున్నాయి, గొంతు రావడం లేదు. ఏమే పాపా అని పిలిచేది, అది తెలుసు. 'పా' దగ్గర గొంతు పైకి లేచేదా, కిందికి దిగేదా? ఎంత తన్నుకున్నా నా గొంతే వినబడుతోంది. అమ్మ పక్క గదిలోనే ఉంది. మనిషి ఉండగానే ఆమె గొంతును మరిచిపోయిన కూతుర్ని నేనే అయి ఉంటాను.

అన్నం డబ్బా సంచిలో హార్డ్‌డిస్క్ పెట్టుకుని, నూలు చూడాలని అబద్ధం చెప్పి కోయంబత్తూరు బస్సెక్కాను. చెడిపోయిన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసిచ్చే అంగడి ఒకటుందని ఎవరో చెప్పారు. దారంతా సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీదే వేసి కూర్చున్నాను. కండక్టరు చిల్లర అడిగితే కసిరాను. పాపం, అతను చేసిందేం లేదు.

అంగడిలో కూర్చున్నాయన నడివయసు దాటని మనిషి, ముక్తసరి. తమిళంలోనే అడుగుతున్నాడు, నేనూ తమిళంలోనే చెబుతున్నాను. పెట్టె తిప్పి చూసి, కంతలో పసుప్పచ్చగా ఏమిటని అడిగాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చి, "అయ్యో దేవుడా, ఎట్ల చెప్పేది," అని తెలుగులో గొణిగాను.

"చెప్పండక్కా, మేమూ మనోళ్ళే," అన్నాడు తెలుగులోనే.

"గంధం తంబీ. ఆయుధపూజకు."

నవ్వుతాడేమోనని తలెత్తి చూశాను. అతని వెనక బల్ల మీద స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, పెద్ద భూతద్దం, అన్నిటికీ బొట్లున్నాయి. భూతద్దానికి మాత్రం అద్దం వదిలేసి పిడి మీద పెట్టారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. మా అమ్మకు ఆ సంగతి చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు.

అతను పెట్టె విప్పి, అడుగున ఉన్న పచ్చ పలకను లైటు కింద పెట్టాడు. మూలన నల్లగా మాడి ఉంది.

"ఈ బోర్డే కాలిండాది అక్కా. లోపల తిరిగే బిళ్ళ బాగుంటే ఫైళ్ళు వస్తాయి. ఇదే రకం ఇంకో డిస్కు దొరకల్ల. దాని బోర్డు తీసి దీనికి ఎయ్యల్ల. దీంట్లో ఉండే ఈ చిన్న చిప్పును దాంట్లోకి మార్చల్ల."

"ఆ చిప్పే కాలింటే?"

అతను పెన్ను తీసుకుని నా ఫోన్ నంబరు అడిగాడు. నాకు అన్నిటికన్నా అదే భయమేసింది.

"ఏముండాది దీంట్లో? డిజైన్లా?"

"అమ్మ మాటలు."

"ఉండారా, అమ్మ?"

"ఉండాది. మాటలే లేవు."

అతను పెట్టెకు చీటీ అంటించి, లోపలి అలమరలో విడిగా పెట్టాడు.

ఆ తరువాతి రోజులు దొంగకు తేలు కుట్టినట్టే గడిచాయి. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. మోగకపోతే తీసి చూసేదాన్ని. అదే రకం డిస్కు ఇంకా దొరకలేదని ఒకసారి చెప్పాడు. దొరికింది, కానీ బోర్డు కొంచెం వేరేలా ఉందని మరోసారి చెప్పాడు. యూనిట్లో గలీబులకు అంచు తలకిందులుగా కుట్టి పోగు పెట్టాను. అన్నిటినీ విప్పాల్సి వచ్చింది.

అంతలో అమ్మ బీరువా తెరిచింది. చీరలు ఎత్తి చూసి, నా వైపు తిరిగి, రెండు చేతుల వేళ్ళతో గాలిలో చిన్న చతురస్రం గీసింది. గడ్డం పైకెత్తింది.

"షెడ్డులో ఉండాదిమా. డిజైన్ ఏస్తా ఉండా."

ఆమె నా ముఖం వంక చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని ముందు అబద్ధం నిలవదు. కానీ నిజం చెప్పేదెలా? ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె చేతిలోంచి లోటా జారినా తన నుదురు తనే కొట్టుకుంటుంది, నేను ఎందుకూ పనికిరాను అన్నట్టు. నీ గొంతును నువ్వే గంధం పెట్టి కాల్చావమ్మా అని ఎవరు చెప్పగలరు? విన్నాక ఆమె మళ్ళీ గంధం గిన్నె ముట్టుకోదు. ఆమెకు మిగిలిన పండగ అదొక్కటే. ఈ రోజుకీ నేను చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నానంటే, ఆమెకు ఈ అక్షరాలు రావన్న ధైర్యంతోనే.

చివరికి అంగడాయన రమ్మన్నాడు. వచ్చిందా రాలేదా అని అడగకుండానే ఫోను పెట్టేశాను. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళాను.

అతను స్క్రీను నా వైపు తిప్పాడు. వరసగా ఫైళ్ళు. "కొన్ని తెరవలే అక్కా. ముక్కాలు భాగం ఉండాయి. ఒకటి ఏస్తా, చూసుకోండి."

స్పీకరులో ముందు గరగరమని శబ్దం. తర్వాత కుక్కరు విజిలు. ఒకటి, ఇంకొకటి.

"చాలు తంబీ, ఆపేయి."

"మాట ఇంకా రాలేదే."

"అది మా మదురై ఇంటి కుక్కరు. నాకు తెలుసు."

అతను వింతగా చూశాడు. అసలు సంగతి అది కాదు. మాట వచ్చాక, అది అమ్మ గొంతని నేను గుర్తుపట్టలేకపోతే? పరాయి మనిషి ముందు ఆ పరీక్షకు నేను కూర్చోలేను. రెండు కొత్త డిస్కుల్లో కాపీ చేయించుకుని, వాటిని వేర్వేరు సంచుల్లో పెట్టుకుని ఇల్లు చేరాను.

అమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మెడకు నేను కుట్టిచ్చిన నూలుగుడ్డ. ఒక్కదాన్నే వినాలంటే భయంగా ఉంది. ఆమె వింటే ఏమవుతుందో అని ఇంకా భయంగా ఉంది. ఇద్దరం కలిసి భయపడదాం అనుకుని, కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక ఫైలు నొక్కాను.

"ఏమే పాపా, ఆ ఫోను పట్టుకోని నా ఎనకాలనే తిరగతా ఉండావు, పనీ పాటా లేదా నీకు?" అంది కంప్యూటరు.

'పా' దగ్గర గొంతు పైకే లేచింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

అమ్మ చిక్కుడుకాయ వదిలేసి, తలుపు వైపు చూసింది. ఎవరొచ్చారు అన్నట్టు చెయ్యి తిప్పింది.

"నువ్వేమా."

కాదని అరచెయ్యి అడ్డంగా ఊపింది. నాదెందుకవుతుంది అన్నట్టు మొహం చిట్లించింది. గొంతు మాట్లాడుతూనే ఉంది. పాలవాడి సంగతి, పొరుగింటావిడ సంగతి. వింటూ వింటూ అమ్మ చెయ్యి మెల్లగా మెడ గుడ్డ మీదికి పోయింది. తప్పు చేశాననిపించింది. ఆపేద్దామని చెయ్యి చాచాను. ఆమె చురుక్కుమనేలా నా చేతి మీద కొట్టింది.

తర్వాత పాట వచ్చింది, పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు మావాళ్ళు పాడేది. రెండో చరణంలో అమ్మ పెదవులు కదిలాయి. ఆ మెడ యంత్రాన్ని డబ్బాలో పెట్టాక మొదటిసారి. గొంతు కంప్యూటర్లోంచి వస్తోంది, మాట అమ్మ పెదవుల మీద ఉంది. నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు. నీళ్ళు తెస్తానని వంటింట్లోకి పారిపోయాను.

పాట మధ్యలో ఆగింది.

"పాపా! ఏ పాపా! పాలు పొంగతా ఉండాయి, యాడ పోతివి?"

"వస్తిని మా!" అని అరుస్తూ పొయ్యి కట్టెయ్యబోయాను. పొయ్యి వెలగడం లేదు. దాని మీద గిన్నె కూడా లేదు.

హాల్లోకి వచ్చేసరికి ఫైలు అయిపోయింది. కంప్యూటర్లో చప్పుడు లేదు. అమ్మ వంటింటి గడప వైపే చూస్తోంది. చప్పట్లు కొట్టలేదు. నన్ను చూసి, శబ్దం లేకుండా, పెదవులతో పాపా అంది.

"వస్తిని మా," అన్నాను.