ముళ్ల లెక్క

సోమక్క తెలంగాణ సరిహద్దుకు అవతల, మరైగూడ వైపు ఓ పల్లెలో నర్సు. ఊరివాళ్ల దోర్లీ భాషలో బుజ్జగిస్తుంది, తెలుగులో తిడుతుంది, హిందీలో రిపోర్టు రాస్తుంది. నాటు తుపాకులతో అడవిపందుల్ని కొట్టబోయి మనుషుల్ని కొట్టిన కేసులు ఏడాదికి ఆరేడు ఆమె దగ్గరికి వచ్చేవి.

రెండేళ్ల కిందట ఆ తుపాకులన్నీ పోలీసు థానాలో అప్పగించాలని గట్టి ఉత్తర్వు వచ్చింది. అది పనిచేస్తోందో లేదో కొలవాలి కదా! తుపాకుల్ని లెక్కపెట్టాలంటే అడవిలో తిరగాలి. గాయాలైతే సోమక్క రిజిస్టర్లోనే ఉంటాయి. అందుకని తుపాకి దెబ్బతో ఎవరొచ్చినా పేరు థానాకు, అంకె జగదల్‌పూర్ ఆఫీసుకు పంపమన్నారు.

మొదటి నెలలో భీమా తొడలో సీసపు గుండ్లతో వచ్చాడు. సోమక్క కట్టు కట్టి, ఉన్నదున్నట్టు రాసింది. భీమానీ, పొరపాటున అతన్ని కాల్చిన బావమరిదినీ థానాలో నాలుగు రోజులు కూర్చోబెట్టారు. కోతల కాలం. వాళ్ల వరిని పందులే కోసుకున్నాయి.

ఆ తర్వాత ఊళ్లో ఒక్కరికీ తుపాకి దెబ్బ తగల్లేదు. చట్టం మహిమ అలాంటిది. ముళ్లే ఎక్కువయ్యాయి.

"ఏంది ముయా, భుజానికి ముల్లెట్ల గుచ్చుకుంది? అదీ తొమ్మిది చోట్ల?"

"పెద్ద చెట్టక్కా," అన్నాడు ముయా.

ఆమె తీసిన ముళ్లు పళ్లెంలో టంగుమని మోగేవి. రిజిస్టర్లో ముల్లనే రాసేది.

ఏడాది తిరిగాక రాజేశ్వరరావు అనే అధికారి వచ్చి ఆమెకు శాలువా కప్పారు.

"ఏడు నుంచి ఒకటికి తగ్గాయమ్మా! మీ సెంటరే అందరికీ ఆదర్శం."

"ముళ్ల లెక్క కూడా చూడండి సార్. నిరుడు మూడు. ఈయేడు ఇరవై."

"ముళ్లు మా శాఖలోకి రావమ్మా."

ఆ తర్వాతి వానాకాలంలో ఉంగ అనే ముసలాయన చేతిలో తుపాకి గొట్టం పగిలి కుడి అరచెయ్యి చీలింది. పసుపు అద్దుకుని వారం రోజులు ఇంట్లోనే దాక్కున్నాడు. కబురు విని సోమక్కే వెళ్లింది. కుళ్లిన వాసన గడప దగ్గరే తగిలింది.

"ఎందుకు రాలే తాతా?"

"నీ కాయితంల పడతనని భయం బిడ్డా."

 ఆమె, ఊరి కుర్రాడొకడు కలిసి అతన్ని మోటారుసైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోయారు. చెయ్యి దక్కింది, రెండు వేళ్లు పోయాయి.

ఆ నెల సోమక్క 'తుపాకి దెబ్బ: ఒకటి' అని రాసింది. భద్రాచలం తీసుకెళ్లినట్టూ రాసింది, పేరు మాత్రం రాయలేదు. మూడో రోజు జగదల్‌పూర్ నుంచి ఫోను వచ్చింది.

"ఆ ఒకటి తీసేయండమ్మా. వైద్యం తెలంగాణలో జరిగింది. అది వాళ్ల లెక్క."

"చెయ్యి మనదే కదా సార్?"

"చెయ్యి మనదే. గాయం వాళ్లది."

"నేను తియ్యను. మీరే తీసేసుకోండి."

వాళ్లే తీసేసుకున్నారు. సోమక్క మాత్రం అప్పటినుంచి తుపాకి దెబ్బను తుపాకి దెబ్బనే రాస్తోంది, కానీ ఏ గాయానికీ పేరు పంపడం లేదు. థానావాళ్లు రెండుసార్లు పిలిచి గద్దించారు. సాయంత్రాలు కట్ల సంచి భుజాన వేసుకుని తానే ఇల్లిల్లూ తిరుగుతోంది. ఉంగ ఎడంచేత్తో కొడవలి పట్టడం నేర్చుకుంటున్నాడు.