బానెట్ కోసి బిగించిన ఇంజన్

మా పుట్టింట్లో నెమ్మదిగా మాట్లాడడం ఎవరికీ రాదు. మాది సముద్రం మీద బతికిన కుటుంబం. ఒడ్డున నిలబడి పడవలో ఉన్నవాళ్ళని పిలవాలంటే గొంతు గాలినీ దాటాలి, కెరటాన్నీ దాటాలి. మా అమ్మ పూర్ణా మార్కెట్లో చేపలు అమ్మేది. ఆవిడ ధర చెబితే పక్క వీధిలో బేరం మొదలయ్యేది. నాకూ అదే గొంతు వచ్చింది. నేను టీచరు ట్రైనింగ్ అయ్యాక ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో చేరితే, హెడ్మాస్టరు గారు "అమ్మా, మీరు మూడో తరగతికి ఎక్కాలు చెబుతుంటే ఐదో తరగతి వాళ్ళు కూడా అప్పజెబుతున్నారు" అన్నారు. అది పొగడ్తో దెప్పిపొడుపో ఆయనకే తెలియాలి.

గొంతు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంటి కారుకి అంత తప్పుడు ఇంజన్ ఎందుకు ఎక్కిందో నాకు చాలాకాలం తెలియకపోవడానికి కారణం ఈ గొంతే.

మా ఆయన వాళ్ళది గోదావరి వైపు. ఆయన తండ్రి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన మాత్రం ఆటోనగర్లో ఓ సమ్మెట షెడ్డులో చేరాడు. ఎర్రగా కాల్చిన ఇనుము మీద కరెంటు సమ్మెట పడుతుంటే రోడ్డవతల టీ కొట్లో గ్లాసులు గలగలలాడేవి. మా నాన్న బోటు షాఫ్టు వంగిపోతే సాపు చేసి, దాన్ని భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. పెళ్ళి దాకా వెళ్ళిన కథ అక్కడ మొదలైంది. పెళ్ళయ్యాక మా అత్తగారు "ఏమండీ అని పిలవాలమ్మా" అన్నారు. నాకు నోరు తిరగలేదు. మా వాళ్ళలాగే "మావా" అన్నాను. ఆయనకి అదే నచ్చింది. ఇక్కడా నేను మావ అనే రాస్తాను.

తొంభైల మధ్యలో మావ ఓ కారు కొన్నాడు. కారంటే కారు కాదు, దాని ఒళ్ళు. రెండే తలుపులు, రెండే సీట్లు, పొడుగాటి ముక్కు. ఒకప్పుడు ఎవరో ఓడల వ్యాపారి విదేశం నుంచి తెప్పించుకున్న స్పోర్ట్స్ కారట. పాత ఊళ్ళో ఓ గోడౌను వెనక ఏళ్ళ తరబడి పడి ఉంది. ఇంజన్ ఎప్పుడో ఎవరో పీకేశారు. ఆ ఖాళీలో కోడి గుడ్లు పెట్టుకుంది. మావ దాన్ని తుక్కు లెక్కన కొని, లారీ మీద ఇంటికి తెచ్చాక నాకు చూపించాడు.

"ఇంజన్నేని కారేటి మావా? తలకాయ నేని సేపని మా యమ్మ కూడా కొనదు" అన్నాను.

"తలకాయ నేను పెడతాను కదే" అన్నాడు నవ్వుతూ.

ఆ తర్వాత మా ఆదివారాలన్నీ ఆ కారు తినేసింది. తుప్పు గీకడం, రేకు అతకడం, మళ్ళీ గీకడం. దానికి పెట్రోలు ఇంజనే పెట్టాలని మావ పట్టుదల. చిన్నప్పుడు బీచి రోడ్డు మీద అలాంటి కారొకటి తన పక్క నుంచి వెళ్ళిందట. అన్నం తింటూ తింటూ ఆ సంగతే చెప్పేవాడు. "గేరు మార్చే ముందు ఇంజన్ సన్నగా పైకి లేస్తుందే, ఆలాపన తీసినట్టు. ఆ ఒక్క శబ్దం కోసమే నాకీ చాకిరీ" అనేవాడు. చెయ్యి గాల్లో మెల్లగా పైకి లేపి చూపించేవాడు. పప్పు చల్లారిపోతోందని నేను కసిరేదాన్ని.

కసురుళ్ళకి మా ఇంట్లో కొదవ లేదు. ఉల్లిపాయలు తెమ్మంటే మావ ఉత్త చేతులతో వచ్చేవాడు. మా పాప పరీక్ష ఎప్పుడో చెబితే తలూపి, మర్నాడు మళ్ళీ అడిగేవాడు. అదే ఆటోనగర్లో ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ వచ్చి గుమ్మం బయట నుంచి గొణిగినా సరే, చటుక్కున లేచేవాడు. మేస్త్రీది డప్పు లోపలి నుంచి వచ్చినట్టుండే బొంగురు గొంతు. "సావాసగాడి మాటైతే ఇనబడతాది, పెళ్ళాం మాటైతే సెవిటోడి ముందు సంకం ఊదినట్టే" అని నేను ఎన్నిసార్లు అన్నానో. ఇంటింటా ఆడవాళ్ళు అనే మాటే అది. మా అమ్మ కూడా మా నాన్నని అనేది.

కారు ఒళ్ళు ఓ దారికి వచ్చాక దాన్ని మేస్త్రీ షెడ్డుకి చేర్చాం, అతను రెండు ఇంజన్లు చూసిపెట్టాడు. ఒకటి ప్రమాదంలో నుజ్జయిన కొత్త కారులోంచి తీసిన పెట్రోలుది. రెండోది ఓ పాత జీపులోంచి దించిన డీజిలుది. రెండింటినీ ఇనుప చట్రాల మీద బిగించి, సైలెన్సర్లు తగిలించి, వచ్చి చూసుకోమన్నాడు. నన్నూ పాపనీ కూడా మావ తీసుకెళ్ళాడు. పాపకి అప్పటికి బడి ఈడు. పండక్కి వెళ్తున్నట్టు గౌను వేసుకుంది.

చుట్టూ షెడ్లలో సుత్తుల మోత, రాపిడి మిషన్ల గోల. మేస్త్రీ ముందు పెట్రోలుది స్టార్ట్ చేశాడు. నిజం చెప్పాలంటే నాకు ఇంజన్ల గురించి ఓనమాలు రావు. అయినా అది ముద్దొచ్చింది. మా పక్కింటామె కుట్టు మిషన్ తొక్కుతున్నట్టు ఒకటే సన్నటి వరస. మేస్త్రీ యాక్సిలరేటరు తీగ లాగేసరికి ఆ వరస పైకి, ఇంకా పైకి లేచింది. మావ చెప్పే ఆలాపన ఇదే కాబోలనుకున్నాను. పాప చప్పట్లు కొట్టింది.

మావ రెండడుగుల అవతల కారు ముక్కు లోపల కొలత చూసుకుంటున్నాడు. మా వైపు తిరక్కుండానే "స్టార్ట్ చెయ్యి మేస్త్రీ, ఇంకా ఏంటి చూస్తున్నావు" అన్నాడు.

మేము ముగ్గురం పగలబడి నవ్వాం. "అంత మెత్తగా నడుస్తన్నాది సూడు బావా, నీకే తెలీనేదు!" అని మేస్త్రీ తొడ చరిచాడు. మావ తిరిగి చూశాడు. మా మొహాలూ చూశాడు, ఇంజన్ మీద ఆడుతున్న బెల్టూ చూశాడు. తర్వాత తనూ నవ్వాడు. దగ్గరికొచ్చి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. జోకు బాగా పేలిందని నేను అనుకున్నాను.

తర్వాత డీజిలుది స్టార్ట్ చేశారు. కాళ్ళ కింద నేల అదిరింది. పాప చెవులు మూసుకుని నా చీర కుచ్చిళ్ళలో దూరింది. మా నాన్న బోటు హార్బరులోకి వచ్చేటప్పటి చప్పుడు సరిగ్గా అదే. మావ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, చివరికి "ఇదే" అన్నాడు.

మేస్త్రీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నోరు తెరిచాక ఇంక ఆగలేదు. "మతి పోనాదేటి బావా? స్పోర్ట్స్ కారుకి డీజిలింజనేటి? పెళ్ళికూతురికి గోనిసంచి కట్టినట్టుంటాది. పెట్రోలుదైతే పువ్వునాగ కూకుంటాది. ఇది ఇనప ముద్ద. ముందర స్ప్రింగులు దిగిపోతాయి, పైకి పొడుసుకొచ్చి బానెట్టు మూతడదు. నీ సేత్తో నువ్వు సాపు సేసిన బానెట్టు, కోసీయాల!"

"కోసెయ్" అన్నాడు మావ. "డీజిలు చవక."

అక్కడే నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషి ఆ కారు విషయంలో ఎప్పుడైనా ఖర్చు చూసుకున్నాడా? "ఇన్నాళ్ళూ పెట్రోలు పెట్రోలని నా బుర్ర తినీసి, ఇప్పుడు డీజిలంటావేటి?" అని ఆ షెడ్డులోనే అరిచాను. సుత్తులు కూడా కాసేపు ఆగాయి. మావ కారు ముక్కు తడుముతూ ఉండిపోయాడు.

బానెట్ కోసిన రోజు నేను అటు వెళ్ళలేదు. ఇంజన్ తలకి చోటివ్వడానికి మధ్యలో చతురస్రంగా కన్నం చేసి, దాని మీద రేకు డిప్ప ఒకటి అతికారు. అందమైన మొహం మీద బొప్పి కట్టినట్టుంది. నేను అలిగి మాట్లాడడం మానేశాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో పెద్ద విశేషం. మర్నాడు సాయంత్రానికే మావ వంటింటి గుమ్మంలో నిలబడి "తిట్టవే. ఇల్లు ఇలా ఉంటే నాకు భయమేస్తోంది" అన్నాడు. అలక తీర్చడానికి అన్నాడనుకుని తిట్టాను. పాపం, హాయిగా నవ్వాడు.

కారు నడవడం మొదలెట్టాక ఓ ఆదివారం భీమిలి వైపు వెళ్ళాం. పాప నా ఒళ్ళో కూర్చుంది. బండి దడదడమంటోంది. రోడ్డు పక్క జనం కారు అందం చూసి తిరిగి, చప్పుడు విని నవ్వుతున్నారు. నాకు సిగ్గేసింది. తర్వాత మావ మొహం చూశాను. గేరు మార్చే ముందు ఇంజన్ బరువుగా లేస్తుంటే, ఆ మొహంలో చిన్నపిల్లాడి సంబరం. ఆ క్షణంలో నా కోపమంతా పోయింది. ఈ మనిషి అంటే నాకెంత ఇష్టమో చెప్పాలనిపించింది. అలాంటి మాట అరిచి చెప్పరు కదా. దారిలో మట్టి దిబ్బల దగ్గర నీడలో బండి ఆపి ఇంజన్ కట్టేశాక, బతుకులో మొదటిసారి గొంతు తగ్గించి, "బాగున్నాది మావా. నువ్వూ బాగున్నావు" అన్నాను.

మావ సముద్రం వైపు చూస్తున్నాడు. పలకలేదు.

మళ్ళీ అన్నాను, అదే గొంతుతో. అప్పుడు పాప "నాన్నా, అమ్మ పిలుస్తోంది" అంది. దానికీ పలకలేదు. గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకుని, "ఇనబడతన్నాదా మావా?" అని అడిగాను. నా పెదాల వైపు చూశాడు. చూసి, తల దించేసుకున్నాడు.

"నువ్వు అరిస్తే కొంచెం వినబడుతుంది" అన్నాడు. "మేస్త్రీది వినబడుతుంది. పాపది వినబడి చాన్నాళ్ళయింది. ఆ పెట్రోలు ఇంజన్ తిరుగుతోందని మీరు నవ్వేదాకా నాకు తెలీదు. నాకు వినబడని దాన్ని తెచ్చి ఏం చేసుకోనే?"

తర్వాత చూపించిన చెవి డాక్టరు, ఆ సమ్మెట మోత పక్కన అన్నేళ్ళు ఉంటే అంతేనన్నాడు. సన్నటి శబ్దాలు ముందు పోతాయట, లావు శబ్దాలు ఆఖరున. ఆడవాళ్ళ గొంతులూ పిల్లల గొంతులూ ముందు వరసలో ఉన్నాయి. పోయింది తిరిగి రాదన్నాడు. ఎవరూ పసిగట్టలేదా అని అడిగాడు. ఎలా పసిగడతాం? షెడ్డులో అందరూ అరుస్తారు. ఇంట్లో నేనున్నాను. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. చెప్పి చావొచ్చు కదా అని ఇంటికి వచ్చేదాకా తిడుతూనే ఉన్నాను, బాగా గట్టిగా. "చెప్తే నువ్వు సైగలు చేస్తావు. మాట్లాడ్డం మానేస్తావు" అన్నాడు. శంఖం సామెత ఆ రోజుతో నా నోట్లోంచి పోయింది.

మావ సమ్మెట వదిలి స్టోరు పనిలోకి మారాడు. చెవి మిషన్ కొన్నాం. అందులో గిన్నెల మోత తప్ప మనిషి మాట రావట్లేదని తీసి అల్మారాలో పెట్టేశాడు. ఏళ్ళు గడిచేకొద్దీ మేస్త్రీ గొంతు కూడా మావకి వినబడకుండా పోయింది. ఆఖరికి డీజిలుదీ చెవికి అందక, అరచేతికి మాత్రం మిగిలింది. ఆదివారాలు నేను తాళం తిప్పేదాన్ని. మావ బానెట్ బొప్పి మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు.

ఈలోగా పాప పెద్దదై కాలేజీకి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, మా వంశంలో మొట్టమొదటిసారి నెమ్మదిగా మాట్లాడే మనిషి పుట్టింది. తండ్రితో మాత్రం చెవి దగ్గర అరవాలి. అరిస్తే దాని గొంతు జీరబోయి ఎవరిదోలా అయిపోయేది.

ఓ ఆదివారం తాళం తిప్పబోతుంటే మావ నన్ను ఆపాడు. లోపల పాప స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతోంది. కిటికీలోంచి దాని పెదాలు కదలడం కనబడుతోంది.

"అరవకుండా మాట్లాడితే దాని గొంతు ఎలా ఉంటుందే?" అని అడిగాడు.

పిల్లలకి ఎక్కాలూ పద్యాలూ చెప్పే నేను, దాని గొంతుకి పోలిక వెతుక్కుంటూ కారు వైపు చూశాను. తర్వాత మావ చెవి దగ్గర నోరు పెట్టి, నా బలమంతా పెట్టి, "ఆ పెట్రోలింజన్నాగుంటాది మావా" అని అరిచాను.

లోపల పాప ఉలిక్కిపడి మాట ఆపింది. మావ మాత్రం కిటికీ వైపే చూస్తున్నాడు. కాసేపటికి, పూర్వం అన్నం ముందు కూర్చుని చూపించినట్టే, చెయ్యి గాల్లో మెల్లగా పైకి లేపాడు. "ఇలాగా?" అన్నాడు.

అవునని తలూపాను.