మూడు బాటల కాడ పెన్ను

కరోనా ఎంతమందికి తెలియకుండానే వచ్చి పోయిందో అంచనా వేసే సర్వే కోసం, నర్సుగా నేను ఆలేరు దగ్గరి ఒక ఊరికి వెళ్ళాను. ఏ వైపు ఇళ్ళలో రక్తం తీయాలో తేల్చడానికి, మాకు నేర్పిన పద్ధతిలో మూడు దారుల కూడలిలో నేలమీద పెన్ను తిప్పాను. అది చూసి జనం చుట్టుముట్టారు.

"మూడు బాటల కాడ మంత్రం చేస్తున్నవా? నెత్తురు గందుకేనా?" అంటూ ఒకాయన నా సిరంజీల పెట్టె లాక్కున్నాడు. వెనక ఎవరో రాయి అందుకున్నారు. పెన్ను మొన ఎటు ఆగితే అటువైపు ఇళ్ళకే వెళ్తామని గట్టిగా చెప్పాను.

ఇంతలో ఒక అవ్వ వచ్చి కూర్చుని, తనే పెన్ను తిప్పింది. అది పెట్టె లాక్కున్నాయన ఇంటివైపే ఆగింది.

"ఇగ చెప్పు బిడ్డా, నేను గూడ మంత్రగత్తెనేనా?" అని ఆయన్ని అడిగింది.

ఆయన పెట్టె నా ముందు పెట్టి, చొక్కా చెయ్యి మడిచాడు.

ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ పెన్ను నేను తిప్పలేదు, అక్కడి అవ్వల చేతికే ఇచ్చాను.