నాయన చేతిలో చెప్పులు

నిన్న చర్చిలో పవిత్ర గురువారం పూజలో, ఏసు తన శిష్యులకి కడిగినట్టు, ఫాదర్ పన్నెండుమంది కాళ్లు కడుగుతుంటే చూడలేక బయటికొచ్చేశాను. గుమ్మం ముందు విడిచిన చెప్పుల వరసలోంచి నావి వెతికి తొడుక్కున్నాను.

కారంపూడి దగ్గర మా ఊళ్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, అలాంటి పన్నెండుమందిలో మా నాయన కూర్చున్నాడు. ఫాదర్ గారు ఆయన పగిలిన మడమలు కడిగి, తువ్వాలుతో ఒత్తి, వంగి ముద్దు పెట్టుకున్నారు. ప్రతి మనిషీ దేవుడి పోలికేనని, ఎవరూ ఎవరికీ తక్కువ కాదని ప్రసంగం చెప్పారు.

మర్నాడు శుభ శుక్రవారమని కూడా చూడకుండా నాయన కూలికెళ్లే పొలం కామందు పనికి రమ్మని కబురు పెట్టాడు. నేనూ నాయన వెంటపడ్డాను. కామందుల వీధి మొదట్లో నాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. నేల పెనంలా కాలుతోంది.

"ఏంది నాయనా, ఫాదర్ గారు ముద్దు పెట్టిన కాళ్లని చెప్పులేసుకోవట్లేదా?"

నాయన "అవునమ్మా, అందుకే" అన్నాడు.

మా దళితపేటవాళ్లు ఆ వీధిలో చెప్పులతో నడిస్తే కామందులు ఊరుకోరని నాకు చానా రోజుల తర్వాతగానీ తెలియలేదు. ఫాదర్ గారికి మాత్రం అప్పటికే తెలుసు. రోజూ ఆ వీధిలోంచే, బూట్లతోనే, నడిచి వచ్చేవారు. ఆ ప్రసంగం ఒక్కసారైనా అక్కడ నిలబడి చెప్పలేదు.

ఆ రోజు నాకదేం తెలుసు? గర్వంగా నా చెప్పులు కూడా విప్పి చేత్తో పట్టుకున్నాను.

నాయన వద్దనలేదు.