మూడొద్దుల మైల

మా అక్క పోయింది. ఉస్మాన్‌గంజ్‌లో అత్తగారింటి నుంచే తీసుకెళ్లారు, కర్మలన్నీ అక్కడే. నాంపల్లిలో ఉన్న మాకు, పుట్టింటివాళ్లకు, మూడు రోజులే మైల. "ఆడపిల్ల, గోత్రం మారె గదా. మనకు మూడొద్దులే" అన్నాడు పెదనాన్న.

మైల తీరగానే అమ్మ ఇల్లు కడిగింది, తలస్నానం చేసింది, మైలలో పెట్టకూడని దేవుడి దీపం మళ్లీ వెలిగించింది, పప్పుచారు పెట్టింది. అక్క పేరెత్తలేదు. ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. పెదనాన్న మెచ్చుకున్నాడు కూడా. నాకు ఒళ్లు మండింది. గోత్రం మారితే కడుపున పుట్టింది కాకుండా పోతుందా? ఏడుపంతా లోపలే పెట్టుకుని అమ్మ ఏమైపోతుందోనని భయం పట్టుకుంది.

నాది గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం. ఆదివారాలు అబిడ్స్‌లో ఒక బడి హాల్లో కొందరం కలిసి పాశ్చాత్య సంగీతం వాయిస్తాం. నేను వాయించేది వయోలా, వయొలిన్ కంటే కాస్త పెద్దది. అప్పుడు నేర్చుకుంటున్నది లాత్వియా స్వరకర్త ఒకాయన ఈ కాలంలోనే రాసిన కృతి. అన్నీ తీగవాద్యాలే. తోబుట్టువు చనిపోయిన దుఃఖంలో రాశాడట. అక్క బాగున్నప్పుడు అది నాకు వేళ్లు నొప్పిపెట్టే పాఠం, అంతే.

ఆ సాయంత్రం ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని దాంతోపాటు వాయిస్తున్నాను. మెల్లగా మొదలై, మధ్యలో వాద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అరుస్తాయి. తర్వాత సెల్లో అనే పెద్ద తీగవాద్యం ఒక్కటే మిగులుతుంది. అక్కడ నేను వాయించడం ఆపేశాను. తలెత్తితే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏంది బిడ్డా, గిట్ల ఏడుస్తున్నది?"

చెప్పాను. ఎక్కడో చలిదేశం, అక్కడొక పెద్దమనిషి, ఆయన తోబుట్టువు.

"వాళ్లకెన్నొద్దులు మైల?"

"గట్ల లెక్క లేదనుకుంటనే అమ్మా. ఏండ్లు గడిచినా దీన్ని వాయిస్తనే ఉన్నరు."

"ఏండ్లా" అంది అమ్మ. అక్కడే కింద కూర్చుంది. "జర మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. వాద్యాలు అరిచేచోట కొంగు నోట్లో కుక్కుకుంది. సెల్లో దగ్గరికి వచ్చేసరికి కొంగు తీసేసి, అక్కను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అప్పుడే పెదనాన్న వచ్చాడు, చేతిలో మొజంజాహీ మార్కెట్లో కొన్న పండ్ల సంచి. మర్నాడు వాళ్లింట్లో వ్రతం. "ఏందిది? మైల తీరింది గదా. రేపు పూజకు రావాలె" అన్నాడు.

అమ్మ కళ్లయినా తుడుచుకోలేదు.

"మీకు తీరింది బావా. నాకు తీరలే."

అమ్మ లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్లి, సందెవేళ తానే పెట్టిన దీపాన్ని కొండెక్కించింది.