ఉడకని పప్పు

మా సారు గదిలో, అద్దాల బీరువాలో, ఒక నల్లటి పొర ఉంది. కాలేజీకి పెద్దలెవరు వచ్చినా దాన్ని తప్పక చూపిస్తారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని మా ఊరి నుంచి ఊడబీకి తెచ్చింది నేనే కాబట్టి, ఆ మంటలో సగం నా మీదే.

నేను నెల్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో టెక్నీషియన్ని. మా ఊరు అల్లూరు దాటాక, సముద్రం పక్కన. చుట్టూ రొయ్యల గుంటలు, ఎక్కడ బోరు వేసినా చవుటి నీళ్ళు. మా ల్యాబులో పెన్సిలు ముల్లులో ఉండే కార్బన్‌నే కంటికి ఆనని పలచటి రేకులుగా చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వడపోత పొర తయారుచేశారు. రేకుల సందుల్లోంచి నీళ్ళు జారిపోతాయి, ఉప్పు ఆగిపోతుంది. దాన్ని ఏదైనా ఊళ్ళో పెట్టి చూడాలన్నప్పుడు, మా ఊళ్ళోనే పెట్టమని సారును బతిమాలాను.

పెట్టిన రోజు సారు నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు ముంచి అంకె చూపించారు. ఆడవాళ్ళెవరూ అటు చూడలేదు. మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ, ఒక బిందె పట్టుకెళ్ళి కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. మా ఊళ్ళో నీళ్ళకు అదే పరీక్ష. పుట్టినప్పటి నుంచీ చవుడు తాగిన నాలుకకు తేడా తెలియదు, పప్పుకు తెలుస్తుంది. బోరు నీళ్ళలో ఎంత కాగినా పలుకు విరగదు. అందుకే పప్పు వరకూ ఇసుక దిబ్బల్లో చెలమ తవ్వి, చెంబుతో తోడి తెచ్చుకునేవాళ్ళు.

ఆ రోజు పప్పు వెన్నలా ఉడికింది. పెద్దమ్మ గిన్నె పట్టుకొని వీధంతా తిరిగింది. "మా పాప తెచ్చిన నీళ్ళు చూడండమ్మా!" అని. ఇక చెలమతో పనేముందని వదిలేశారు. అది ఇసుకతో పూడిపోయింది.

కొన్ని నెలలకు ప్రాజెక్టు గడువు అయిపోయింది. "ఆ పొర తెచ్చెయ్యమ్మా" అన్నారు సారు.

"మరి ఊళ్ళోవాళ్ళకు?"

"ల్యాబు మూలన పాత మామూలు పొర పడి ఉంది కదా, అది బిగించు. నడిచినన్నాళ్ళు నడుస్తుంది."

నేను తలూపాను. వెళ్ళి పొర మార్చాను కానీ, అక్కడ మా ల్యాబు పేరుతో పెట్టిన బోర్డు అలాగే ఉంచాను. కొత్తది వస్తుందిలే అనుకొని ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. కొత్తది రాలేదు. పాతది కొంచెం కొంచెంగా చచ్చిపోయింది.

పోయిన ఎండాకాలం ఊరికి వెళ్ళేసరికి పెద్దమ్మ అంగడి ముందు నిలబడి అరుస్తోంది.

"ఎన్నేళ్ళ నాటి పప్పు అమ్ముతా ఉండావు? పొద్దుట్నించీ కాగబెట్టినా పలుకు ఇరగలా!"

"కొత్త పప్పే అక్కా. నీ పోరు పడలేక రెండు చోట్ల మార్చి తెచ్చినా. ఒకసారి ఆ నీళ్ళు చూసుకోరాదా?" అన్నాడు అంగడి ఆయన.

"నీళ్ళ జోలికి రాబాక! అయి మా పాప పెట్టించిన నీళ్ళు."

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే, వీధిలోనే, అంతా చెప్పేశాను. పెద్దమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అంగడి ఆయన వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నిన్ను ఊరికే తిట్టినా. తప్పయిపోయింది నాయనా" అంది. తప్పు చేసినవాళ్ళం మేము. క్షమాపణ చెప్పుకున్నది ఆమె.

మర్నాడు నేను బయలుదేరుతుంటే ఆ ఉడకని పప్పు పెట్టిన టిఫిన్ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. "మీ సారుకు ఇయ్యి. నమిలి చూడమను."

డబ్బా తెరిచి సారు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఏమిటమ్మా ఇది?" అన్నారు.

"మా ఊరి రీడింగు సార్. నోట్లో వేసుకుంటే తెలుస్తుంది."

ఆయన నోట్లో వేసుకోలేదు. పొర తిరిగి ఇమ్మన్నాను. "అది ప్రదర్శనకు పెట్టింది, కదిలించకూడదు" అన్నారు. దాని కింద మా ఊరి పేరు రాసిన చీటీ ఉండేది. ఆయన చూస్తుండగానే బీరువా తెరిచి ఆ చీటీని చింపేశాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను, పోలేదు. చీటీ ఊడిందని కూడా అక్కడ ఎవరికీ పట్టలేదు.

ఊళ్ళో మా పెద్దమ్మ, నడుము వంగిన మనిషి, పార పట్టుకొని మళ్ళీ చెలమ తవ్వుకుంటోంది.