తదియనాటి ఇన్సూరెన్సు

నా జీవితంలో మంచి ముహూర్తం చూసుకుని మరీ చేసిన ఘనకార్యం ఒకటుంది. దానివల్ల ఒక మనిషి కాలు విరిగింది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఆ నవ్వు సగం దారిలోనే కూలబడుతుంది.

అరవైల మొదట్లో విడవలూరులో మా వీధి మొత్తానికి కారున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ పాత కారు. ఉబ్బసం ముసలాయనలా నాలుగుసార్లు దగ్గితేగాని కదిలేది కాదు. కార్తీకం చివర, ముసురు పట్టిన ఒక శనివారం, ఇన్సూరెన్సు ఏజెంటు ఏసుదాసు గారు గొడుగు ముడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు.

"ఈ రాత్రితో మీ పాలసీ గడువు అయిపోతుంది. ఇక్కడ సంతకం పెట్టండి, రేపటినుంచి కొత్తది మొదలవుతుంది."

"రేపా! రేపు అమావాస్య గదండీ!"

"అయితే?"

"ఎల్లుండి పాడ్యమి. ఆ మర్నాడు మంగళవారం. బుధవారం తదియ దివ్యంగా ఉండాదని మా పురోహితుడు నా జాతకం చూసి మరీ చెప్పినాడు. అప్పటినుంచి రాయండి."

ఆయన గొడుగు నీళ్లు దులుపుతూ నెమ్మదిగా అన్నారు: "బాబూ, ఇన్సూరెన్సు లేకుండా కారు రోడ్డెక్కితే నేరం. పైగా చట్టం అడిగే ఈ పాలసీ మీ కోసం కాదు, మీ కారు కింద పడేవాడి కోసం."

"నా కారు కింద ఎవరు పడతారండీ! నడిచేవాళ్లే దాన్ని దాటిపోతారు. అయినా ఆ మూడు రోజులూ కొట్టంలోంచి కదిలించనులెండి."

కదిలించనన్నవాణ్ణి మంగళవారం సాయంత్రం ఎందుకు కదిలించానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మర్నాడు పాలసీ మొదలు గదా, కారుకు పూజ చెయ్యాలి. పూజకు గుమ్మడికాయ కావాలి. మా ఊరి గుమ్మడికాయలు నా కంటికి ఆనలేదు. అల్లూరు వెళ్లాను.

తిరిగి వస్తుంటే జల్లు. మలుపులో ఎదురుగా ఎండుచేపల ఎద్దుబండి. బ్రేకు తొక్కాను. మా ఇంటి ముందు తొక్కకుండానే ఆగిపోయే కారు, అక్కడ మాత్రం జారుకుంటూ వెళ్లి బండిని కొట్టింది. బండి తోలుతున్న పోలయ్య కింద పడ్డాడు. బండి చక్రం అతని కాలి మీదికి ఎక్కి దిగింది.

"అయ్యో, నా కాలు!" అని అరిచి, ఆ వెంటనే, "ఎద్దులు బాగుండాయా?" అని అడిగాడు. ఎద్దులకేమీ కాలేదని చెప్పి అతణ్ణి పైకి లేవదీశాను.

అతణ్ణి కారులోనే అల్లూరు ఆసుపత్రికి చేర్చాను. హెడ్డు కానిస్టేబులు అక్కడికే వచ్చాడు.

"ఇన్సూరెన్సు కాగితం యాడ?"

"రేపు వస్తుందండీ."

"రేపటి కాగితానికి ఈరోజే గుద్దితివే!"

"తదియ మంచిదని..."

"అట్టయితే తదియదాకా ఆగి గుద్దకూడదా సామీ?"

కోర్టులో జరిమానా పడింది. పోలయ్య వైద్యానికి కారు అమ్మేశాను. అంతటితో తీరితే బాగుండేది. బండి కదలకపోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. పాలసీ ఉంటే ఆదుకోవలసిన కంపెనీ లేదు గనక నేనే కంపెనీనయ్యాను. కాలు అతుక్కునేదాకా అతని బండి నేను తోలాను. వెనక గడ్డిలో కట్టుకాలు చాపుకుని పోలయ్య దారి చెప్పేవాడు. జువ్వలదిన్నెలో చేపలమ్మే ఆడవాళ్లు నన్ను చూసి, "పోలయ్యన్నా, ఈ మూడో ఎద్దును యాడ కొన్నావు?" అనేవాళ్లు.

"కొనలేదక్కా, అదే వచ్చి నా మీద పడినాది" అనేవాడు.

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. వెనక్కి తిరిగి ఆ కట్టు చూడగానే నా నవ్వు ఆగిపోయేది. ముహూర్తానికి నా జాతకం చూశారేగాని, పోలయ్య జాతకం ఎవరూ చూడలేదు.

కట్టు విప్పేసరికి కాలు కాస్త వంకరగా అతుక్కుంది. పోలయ్య కుంటుతూ నాలుగడుగులు వేసి చూసుకుని, నా చేతిలోంచి ముల్లుకర్ర తీసుకున్నాడు.

"అయ్యా, మళ్లా కారు కొంటే ఒక్క మాట ముందుగా చెప్పండి. ఆ పొద్దు నేను బండి కట్టను."

ఆనాడే గుండెమీద చెయ్యి వేసుకుని ప్రతిజ్ఞ చేశాను: అమావాస్య కానీ, రాహుకాలం కానీ, గడువు తీరకముందే పాలసీ మీద సంతకం పెడతాను, పాలసీ లేని కారు తోలను. ఇన్నేళ్లలో ఆ ప్రతిజ్ఞ ఒక్కసారి కూడా తప్పలేదు. మళ్లీ కారు కొనలేదు.